ఆసుపత్రి ఉద్యోగుల మనోవ్యథ, తోటివారి తోడు — కొంత చరిత్ర

ఆసుపత్రుల చరిత్ర పేరుతో మనకు దొరికే పుస్తకాల్లో విరాళమిచ్చిన జమీందారు పేరుంటుంది, శంకుస్థాపన చేసిన గవర్నరు పేరుంటుంది, మొదటి సూపరింటెండెంటు ఫోటో ఉంటుంది. రాత్రి డ్యూటీలో ముప్ఫయి మంచాల మధ్య ఒంటరిగా తిరిగిన నర్సు ఏమనుకున్నదో, చనిపోయిన పసివాడి ఒంటిమీద గుడ్డ సర్ది తల్లి చేతికి అప్పగించిన ఆయా ఆ రాత్రి ఇంటికి పోయి అన్నం తిన్నదో లేదో ఆ పుస్తకాల్లో ఉండదు. రోగి బాధ చరిత్రకెక్కింది. వైద్యుని ప్రజ్ఞ చరిత్రకెక్కింది. రోగి పక్కన నిలబడి ఆ బాధను ఎనిమిదేసి, పన్నెండేసి గంటలు చూస్తూ జీతం తీసుకునే మనిషి మనస్సు మాత్రం చాలాకాలం ఎవరికీ అధ్యయన వస్తువు కాలేదు.

నేను వైద్యుణ్ణి కాను. మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాణ్ణి అంతకంటే కాను. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ విషయం మీద వ్రాయడానికి పూనుకోవడానికి కారణం లేకపోలేదు. ఈ ప్రశ్నను శాస్త్రవేత్తల కంటే చాలా ముందు పట్టుకున్నవాడు ఒక కథా రచయిత. 1892లో చెహోవ్ వ్రాసిన ‘వార్డు నంబరు 6’ మనలో చాలామంది చదివిందే. దాన్ని జారు ప్రభుత్వం మీద విమర్శగా, నిర్బంధానికి ప్రతీకగా వ్యాఖ్యానించడం మనకు అలవాటు. ఆ వ్యాఖ్యానం తప్పు కాదు. కాని చెహోవ్ స్వయంగా వైద్యుడనీ, ఆ ఏడాదే కలరాకు ఎదురుగా పల్లెల్లో పని చేశాడనీ గుర్తు పెట్టుకొని చదివితే మరొక కథ కనబడుతుంది. డాక్టర్ రాగిన్ మొదట చెడ్డవాడు కాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పొద్దుటినుంచీ భోజనాల వేళ వరకూ రోగులను చూసేవాడు. ఈరోజు ముప్ఫయిమందిని చూస్తే రేపు ముప్ఫయి అయిదుగురు వచ్చారు. ఊళ్ళో చావులు తగ్గలేదు. మెల్లగా ఆయనకు ఒక తత్త్వం అబ్బింది: చావు సహజమైనప్పుడు దాన్ని ఆపడమెందుకు? ఆ తత్త్వం చాటున ఆయన ఆసుపత్రికి పోవడం తగ్గించాడు, పుస్తకాలు చదువుకున్నాడు, తాగాడు. మనస్సు విప్పి మాట్లాడటానికి ఆ ఊరంతటిలో ఆయనకు దొరికిన ఒకే ఒక మనిషి వార్డు నంబరు 6లోని రోగి. రోగితో మాట్లాడటమే ఆయన పిచ్చికి నిదర్శనమైంది. ఆయన్ని అదే వార్డులో పెట్టి తాళం వేశారు. తోటి వైద్యుడు ఆయన మాట వినలేదు సరికదా, ఆయన స్థానం కోసం కాచుకొని కూర్చున్నాడు.

మన మనోవైజ్ఞానిక నవలల్లో అగ్రశ్రేణిలో నిలిచే ‘చివరకు మిగిలేది’లో నాయకుడు దయానిధి కూడా వైద్యుడే. బుచ్చిబాబు గారు అతని అంతరంగాన్ని ఎంత లోతుకు తవ్వారో చెప్పనక్కరలేదు. కాని ఆ తవ్వకంలో బయటపడేది తల్లి మీది అపవాదు, ప్రేమ, ఏకాంతం. రోగుల మధ్య గడిపిన గంటలు ఆ మనస్సుకు ఏమి చేశాయన్నది అక్కడ ప్రశ్న కాదు. ఇది ఆ నవలలో లోపమని నేననను. ఆ నవల ఉద్దేశం వేరు. అయితే వృత్తి మనస్సును ఎట్లా మలుస్తుందనే విచారణ మన సాహిత్యంలో ఎంత తక్కువో దీన్ని బట్టి తెలుస్తుంది.

శాస్త్రం వైపునుంచి ఈ విచారణకు పునాది వేసినది, నా అభిప్రాయంలో, 1960లో ‘హ్యూమన్ రిలేషన్స్’ అనే పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం. వ్రాసినది ఇసబెల్ మెంజిస్. స్కాట్లండులో పుట్టి, అర్థశాస్త్రమూ మనస్తత్వ శాస్త్రమూ చదువుకొని, లండన్‌లోని టావిస్టాక్ సంస్థలో పని చేసింది. టావిస్టాక్ వాళ్ళు రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుల మనోవ్యాధులకు గుంపుగా కూర్చోబెట్టి చికిత్స చేయడం నేర్చుకున్నవాళ్ళు. యుద్ధం ముగిశాక ఆ విద్యను కర్మాగారాలకూ సంస్థలకూ తీసుకొని వచ్చారు. ఆ క్రమంలోనే లండన్‌లోని ఒక బోధనాసుపత్రి వాళ్ళను పిలిచింది. పిలిచినది నర్సుల మనస్సులను పరిశీలించమని కాదు. ఆసుపత్రి ఎదుర్కొన్న చిక్కు చాలా లౌకికమైనది: ఏ విద్యార్థిని ఎప్పుడు ఏ వార్డుకు పంపాలి అన్న జాబితా తయారు చేయడం. వార్డు అవసరం ఒకటి, చదువు అవసరం మరొకటి, రెండూ కలవవు.

అక్కడ నర్సులు మొత్తం సుమారు 700 మంది. వాళ్ళలో శిక్షణ పూర్తి అయినవాళ్ళు 150 మంది మాత్రమే. మిగిలినవాళ్ళందరూ విద్యార్థినులు. శిక్షణ పొందినవాళ్ళు పర్యవేక్షిస్తారు, బోధిస్తారు, పరిపాలిస్తారు. మంచం దగ్గర నిలబడి పని చేసేది విద్యార్థినులే. శిక్షణ నాలుగేళ్ళు. చేరినవాళ్ళలో మూడోవంతు మంది అది పూర్తి చేయకుండానే పోతున్నారు. పోతున్నవాళ్ళలో ఎక్కువమంది తమంతట తామే పోతున్నారు. చిన్న చిన్న జబ్బులతో నాలుగైదు రోజులు సెలవు పెట్టేవాళ్ళకు లెక్కలేదు. మెంజిసూ ఆమె సహచరులూ సుమారు 70 మంది నర్సులతో విడివిడిగానూ చిన్న గుంపులుగానూ మాట్లాడారు. వార్డుల్లో కూర్చొని చూశారు. జాబితా చిక్కు కింద మరొక చిక్కు ఉన్నదని తేలింది.

ఆ పత్రంలో నన్ను పట్టి ఆపినది సిద్ధాంతం కాదు, వార్డు వర్ణన. ఒక్కొక్క నర్సుకు ఒక్కొక్క రోగిని అప్పగించరు. పనిని ముక్కలు చేసి, ఒకరికి ముప్ఫయి మందికి ఉష్ణోగ్రత చూడటం, ఇంకొకరికి ముప్ఫయి మందికి పక్కలు సర్దడం అప్పగిస్తారు. రోగికి పేరుండదు, పదో నంబరు మంచం మీద ఉన్నది ఒక కాలేయం, పదిహేనో నంబరు మీద ఉన్నది ఒక న్యుమోనియా. నర్సుకూ పేరుండదు, యూనిఫారమే ఆమె. ఎవరికైనా దగ్గరైనట్టు కనబడేలోగా ఆమెను మరో వార్డుకు మారుస్తారు. మంచి నర్సు మారడానికి బాధపడదని పెద్దలు చెబుతారు. డాక్టరు రౌండుకు వచ్చేలోగా ముఖాలు కడిగి ఉండాలి గనుక, నిద్రే మందయిన రోగిని కూడా తెల్లవారకముందే లేపుతారు. లేపే నర్సుకు అది తప్పని తెలుసు. కాని నిర్ణయం తీసుకోవలసిన అవసరం లేకుండా పనిని ఒక క్రతువుగా మార్చేశారు. ఇది వేదం చదివే ఇంట్లో మడి వంటిది. ఎందుకని అడగరు, తప్పితే మైల. ఒక్క మందు ఇవ్వడానికి ముగ్గురు సరిచూస్తారు, ఒక్క చిన్న నిర్ణయం పై అధికారికీ, అక్కణ్ణించి ఆపై అధికారికీ ఎగబ్రాకుతుంది.

ఇదంతా మూర్ఖత్వం కాదని మెంజిస్ అన్నది. అక్కడే ఆమె గొప్పతనం. చావునూ, చీమునూ, మలమూత్రాలనూ, పరాయి మనిషి దేహాన్నీ, ఆ మనిషి బంధువుల కోపాన్నీ రోజూ తాకవలసిన పడుచుపిల్లలో పుట్టే భయమూ జాలీ అసహ్యమూ అపరాధభావమూ సామాన్యమైనవి కావు. ఆ భావాలతో తలపడటానికి ఆసుపత్రి ఎవరికీ నేర్పలేదు. వాటిని తప్పించుకునే ఏర్పాట్లు చేసుకున్నది. పనిని ముక్కలు చేయడం, పేరు తీసేయడం, తరచు బదిలీ, క్రతువు, సంతకం మీద సంతకం, ఇవన్నీ ఆ ఏర్పాట్లే. ఏ ఒక్కరూ కూర్చొని వీటిని కనిపెట్టలేదు. తరతరాలుగా పేరుకున్నాయి. అయితే ఈ కవచం మోసేవాళ్ళ భుజాలనే కోసింది. రోగితో మానవ సంబంధం తెగిపోయాక నర్సుకు ఆ పనిలో ఉండే ఏకైక తృప్తి కూడా పోయింది. ఆరోగ్యవంతురాలై ఇంటికి వెళ్ళే రోగి ఆమెకు కృతజ్ఞత చెప్పాలన్నా ఎవరికి చెప్పాలో తెలియదు. ఆమె ముప్ఫయి మందికి ఉష్ణోగ్రత చూసిన మనిషి. ఉన్న ఆందోళనకు తోడు, ఆ ఏర్పాట్లే కొత్త ఆందోళనను పుట్టించాయి. ఉద్యోగం వదలిపెట్టి పోయినవాళ్ళలో పనికిరానివాళ్ళ కంటే, ఎక్కువ పట్టించుకునేవాళ్ళే ఎక్కువని ఆమెకు అనుమానం కలిగింది.

తోటివారి తోడు అనే మన విషయానికి ఈ పత్రంలో అత్యంత ముఖ్యమైన భాగం మరొకటున్నది. పెద్ద నర్సులు పరిశోధకులతో ఏకాంతంగా మాట్లాడినప్పుడు, చిన్నవాళ్ళ బాధ తమకు తెలుసుననీ, తామూ అదంతా పడివచ్చామనీ చెప్పారు. కాని వార్డులో ఆ మాట చెప్పడానికి వీల్లేదు. పెద్దది చిన్నదాన్ని మందలించాలి. చిన్నది పెదవి బిగించుకోవాలి. చిన్నవాళ్ళు మాత్రం పెద్దలకు తమ మీద జాలి లేదనే అనుకున్నారు. రోగి చనిపోతే ఆ వార్డులో ఎవరూ దాని గురించి మాట్లాడరు. అంటే సానుభూతి లేకపోలేదు. సంప్రదాయం దాన్ని నిషేధించింది. అత్త పెట్టిన ఆరళ్ళను తాను పడి, కోడలికి అవే పెట్టే మన ఇళ్ళ వ్యవస్థ తెలిసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

మెంజిస్‌తో నాకు ఒకచోట పేచీ ఉన్నది. ఈ ఆందోళనలకు మూలం వెతుకుతూ ఆమె మెలనీ క్లయిన్ సిద్ధాంతాన్ని ఆశ్రయించి పసితనపు ఊహల్లోకి వెళుతుంది. 700 మందిలో 550 మంది చవకగా దొరికే విద్యార్థినులై, ఆ చవక శ్రమ మీదే ఆసుపత్రి మొత్తం నడుస్తూ ఉంటే, చదువుకూ వార్డుకూ వచ్చిన తగాదాకు అంతకంటే దగ్గరలోనే ఒక కారణం కనబడుతున్నది. అంకెలు ఆమె చేతిలోనే ఉన్నాయి; వాటిని పక్కన పెట్టి ఊయల దాకా పోయింది. అయినా ఆమె కన్ను ఆమె సిద్ధాంతం కంటే గొప్పది. ఆ పత్రంలో నేరం మోపబడినది నర్సు బలహీనత మీద కాదు, ఆమె చుట్టూ ఉన్న వ్యవస్థ మీద. ఆ తర్వాత వచ్చిన చాలామంది ఈ మాటను నిలబెట్టుకోలేదు.

నిలబెట్టుకున్నవాళ్ళలో రెజినాల్డ్ రెవాన్స్ ఒకడు. ఈయన ప్రయాణం ఆసక్తికరమైనది. 1945 నుంచి బొగ్గు గనుల రంగంలో విద్యాశాఖ చూశాడు. గనుల్లోకి దిగి, గనివాళ్ళ చిక్కులను గనివాళ్ళే పరస్పరం చర్చించుకుంటే తీరినంతగా బయటినుంచి వచ్చిన నిపుణుల వల్ల తీరవని గ్రహించాడు. తర్వాత మాంచెస్టరు ప్రాంతపు ఆసుపత్రులను పరిశీలించి 1964లో ఒక పుస్తకం ప్రకటించాడు. నర్సులు నిలవని ఆసుపత్రుల్లో రోగులు కూడా త్వరగా కోలుకోవడం లేదనీ, పైవాళ్ళు కిందివాళ్ళ మాట వినే ఆసుపత్రుల్లో రోగి తక్కువ రోజుల్లో ఇంటికి పోతున్నాడనీ లెక్కలు కట్టి చూపించాడు. ఆ తరువాత లండన్‌లో పది ఆసుపత్రులను కూడగట్టి, డాక్టర్లూ నర్సులూ ఇతర సిబ్బందీ తమ సమస్యలను తామే పరిశోధించుకునే పథకం నడిపాడు. అట్లా కూర్చున్నవాళ్ళను ఆయన ఆపదలో సహచరులని పిలిచాడు. బొగ్గు గని భాష ఆసుపత్రి వార్డులోకి వచ్చిందన్నమాట. తోటివారి తోడు అనే భావానికి నేను ఇష్టపడే పూర్వీకుడు ఈయనే.

ఇంతకు ముందే, 1950లో, అదే టావిస్టాక్‌లో మైకేల్ బాలింట్ అనే హంగరీ దేశపు వైద్యుడు, ఎనిడ్ బాలింటుతో కలిసి, కుటుంబ వైద్యులను పదిమంది లోపుగా వారానికొకసారి కూర్చోబెట్టేవాడు. ఒక వైద్యుడు తనను వదలకుండా పీడిస్తున్న ఒక రోగి కథ చెప్పాలి, కాగితం చూడకుండా. మిగిలినవాళ్ళు వినాలి, అడగాలి. 1957లో వచ్చిన ఆయన గ్రంథం లోకప్రసిద్ధం. బాలింటు గుంపులు నేటికీ అనేక దేశాల్లో నడుస్తున్నాయి. ఒక్క తేడా మాత్రం గమనించాలి. పని గంటల్లో కూర్చొని మనస్సు విప్పుకునే సౌకర్యం మొదట డాక్టరుకు దొరికింది. అదే నగరంలో, అదే దశాబ్దంలో, నర్సుకు పెదవి బిగించుకోవడమే వృత్తిధర్మం.

1970ల తర్వాత కథ అమెరికాకు మారుతుంది. భాష కూడా మారుతుంది. న్యూయార్కులో పేదలకోసం స్వచ్ఛందంగా నడిచిన ఉచిత వైద్యశాలలో పగటి ప్రాక్టీసు ముగించుకొని రాత్రిళ్ళు పని చేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, నాజీల బారినుంచి చిన్నతనంలో తప్పించుకొని వచ్చినవాడు, 1974లో తమ సిబ్బంది ‘బర్నవుట్’ గురించి వ్రాశాడు. కాలి బూడిదయిపోయిన ఇల్లు ఆ మాటలోని ఉపమానం. ఆయన గమనించినది ఏమిటంటే, కాలిపోయేది సోమరులు కాదు, అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనుక పోయేవాళ్ళు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ ఆ స్థితిని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. భావాలు అలసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం, చేసిన పనికి విలువ లేదనిపించడం అనే మూడు కొలతలు. ఇందులో రెండవదాన్ని గమనించండి. 1960లో మెంజిస్ దాన్ని ఆసుపత్రి అలవాటుగా చూసింది: కాలేయం, పదో నంబరు. 1981 వచ్చేసరికి అదే విషయం ఒక మనిషికి వచ్చిన మార్కు అయింది. మాస్లాక్‌కు అన్యాయం చేయకూడదు. కారణం మనిషిలో కాక పనిచోటనే ఉన్నదని ఆమె 1997లో మైకేల్ లైటర్‌తో కలిసి ఒక పుస్తకమే వ్రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో దీన్ని వ్యాధిగా కాక, పనికి సంబంధించిన స్థితిగానే పేర్కొన్నది. కాని కొలబద్ద ఒకసారి యాజమాన్యం చేతికి వచ్చాక, కొలవబడేది ఉద్యోగే. పథకం కూడా ఆమెకే: శ్వాస మీద ధ్యాస పెట్టు, దృఢంగా ఉండు. పక్కవార్డులో ఖాళీగా ఉన్న రెండు పోస్టులకు కొలబద్ద లేదు.

‘రెండవ బాధితుడు’ అనే పదం 2000లో ఆల్బర్ట్ వూ అనే వైద్యుడు వాడాడు. చికిత్సలో పొరపాటు జరిగితే మొదట నష్టపోయేది రోగి. ఆ పొరపాటు తన చేతిమీదుగా జరిగిన డాక్టరో నర్సో రెండవవాడు. ఆ మనిషికి చెప్పుకోవడానికి చోటు లేదని ఆయన వాదించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో సూసన్ స్కాట్ అనే నర్సు, సహచరులతో కలిసి, అట్లాంటి 31 మందితో మాట్లాడి 2009లో ఫలితాలు ప్రకటించింది. వాళ్ళు కోరినది మానసిక వైద్యుణ్ణి కాదు. ఈ పని చేసిన మరొక మనిషిని. ‘నీకు ఏమైంది’ అని కాక ‘నాకూ అట్లా అయింది’ అనగల మనిషిని. దాన్నిబట్టి అక్కడ మూడంచెల ఏర్పాటు చేశారు. మొదటి అంచె ఆ వార్డులోనే పక్కనున్నవాళ్ళు. రెండవది కొంత శిక్షణ పొందిన సహోద్యోగులు. ఇద్దరికీ మించినదయితే నిపుణులు. ఎక్కువమందికి మొదటి అంచె చాలుతుందని వాళ్ళ లెక్క. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 2011లో ఇటువంటిదే మొదలైంది.

ఈ పదం మీద 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో గట్టి అభ్యంతరం వచ్చింది. పొరపాటు వల్ల ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ళు, చేసినవాణ్ణి బాధితుడనడం తమ గాయం మీద కారం చల్లడమేనన్నారు. వారి మాటలో న్యాయమున్నది. నర్సు బాధ నిజమైనదే, కాని దానికి పేరు పెట్టేటప్పుడు రోగి తల్లిని గది బయట నిలబెట్టకూడదు.

అన్ని రకాల తోడూ మేలు చేయదని కూడా ఈ చరిత్రలోనే ఉన్నది. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్, అగ్నిమాపక సిబ్బందికీ అంబులెన్సువాళ్ళకూ ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. ఘోరం జరిగిన రెండు మూడు రోజుల్లో అందరినీ ఒకచోట చేర్చి, జరిగినదంతా వరుసగా చెప్పించడం. అది లోకమంతటా పాకింది. 2002 నాటికి పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఒక్క పర్యాయం అట్లా బలవంతంగా చెప్పించడం వల్ల తరువాతి మనోవ్యాధి తగ్గలేదు; ఒక పరీక్షలో పెరిగింది కూడా. ఏడవమని ఆజ్ఞాపిస్తే ఏడుపు రాదు, వచ్చినా మేలు చేయదు. తోడు అనేది పిలిచినప్పుడు పలికేదిగా ఉండాలి గాని హాజరుపట్టీ ఉన్న కార్యక్రమంగా కాదు.

దీనికి భిన్నంగా మెల్లగా నిలదొక్కుకున్నది ‘ష్వార్ట్జ్ రౌండ్లు’. కెన్నెత్ ష్వార్ట్జ్ బోస్టన్‌లో వకీలు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1995లో, నలభై ఏళ్ళ వయస్సులో పోయాడు. పోయేముందు వ్రాసిన వ్యాసంలో ఆయన తనకు జరిగిన చికిత్స కంటే, మొదట తొందరలో ఉండి కూడా తరువాత తన చేయి పట్టుకొని మాట్లాడిన నర్సునే ఎక్కువ తలచుకున్నాడు. అటువంటి నర్సు అట్లాగే మిగలాలంటే ఆమెకు ఏమి కావాలి? ఆ ప్రశ్న నుంచి 1997లో మాసచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో నెలకొకసారి సమావేశాలు మొదలయ్యాయి. డాక్టరు, నర్సు, వంటవాడు, కాపలాదారు ఒకే గదిలో కూర్చొని, ఒక కేసు తమకు ఏమి చేసిందో మాట్లాడుకుంటారు. ఎట్లా చికిత్స చేయవలసిందన్నది అక్కడ చర్చ కాదు. 2009లో ఇవి ఇంగ్లండుకు వచ్చాయి. 2018లో జిల్ మాబెన్ బృందం ప్రకటించిన పరిశీలనలో, తరచుగా హాజరైనవాళ్ళలో తీవ్రమైన మనోవేదన ఉన్నవాళ్ళు 25 శాతం నుంచి 12 శాతానికి తగ్గారు. హాజరు కానివాళ్ళలో 37 నుంచి 34కు మాత్రమే. అంకెలు బాగున్నాయి. కాని రెండవ అంకె మొదటినుంచే పెద్దదిగా ఉన్నది చూడండి. ఎక్కువ బాధలో ఉన్నవాళ్ళే రాలేకపోయారు. ఆ పరిశీలనలోనే మరొక మాట ఉన్నది: వార్డు నర్సులకు ఆ గంట సేపు వార్డు వదలి రావడం అందరికంటే కష్టమయింది.

మన దేశానికి వద్దాం. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక ప్రకారం అప్పటికి దేశమంతటా నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మందికి ఒకరు. వాళ్ళ నివాసాలు, పని గంటలు, జీతం, సంఘంలో వాళ్ళకున్న చిన్నచూపు గురించి కమిటీ మొహమాటం లేకుండానే వ్రాసింది. వితంతువులూ, క్రైస్తవ బాలికలూ తప్ప ఎవరూ రాని వృత్తిగా దాన్ని మన కులవ్యవస్థ ఉంచింది. పరాయి దేహాన్ని తాకడం మైల గనుక. మెంజిస్ చూసిన ఆంగ్ల నర్సు మీద లేని భారం ఇది. 2016లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్న తర్వాతనే, చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని ఒక కేంద్ర కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు అన్న మాటను పాఠకులు గమనింతురు గాక.

2020 మే 3న వైమానిక దళపు హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద కూడా. జూన్ 9 రాత్రి అదే ఆసుపత్రిలో రోగి బంధువులు డాక్టరు మీద చేయి చేసుకున్నారు. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళు అడిగినది రక్షణ ఒక్కటే కాదు. కోవిడ్ రోగులనందరినీ ఒక్క ఆసుపత్రి మీద మోపవద్దనీ, సిబ్బందిని పెంచమనీ అడిగారు. ఆ రోడ్డు మీద భుజం భుజం కలిపి కూర్చోవడం కూడా తోటివారి తోడే. దానికి ఏ మానసిక ఆరోగ్య కార్యక్రమంలోనూ పద్దు లేదు.

1992లో కేంద్రం జారీ చేసిన నిబంధనల్లో రెసిడెంటు డాక్టరుకు సాధారణంగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని ఉన్నది. 2024లో, కలకత్తా ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు హత్యాచారానికి గురై దేశమంతా అట్టుడికిన రోజుల్లో, జాతీయ వైద్య కమిషన్ నియమించిన నిపుణుల సంఘం నివేదిక బయటికి వచ్చింది. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసమని ఆ సంఘం సూచించిన పరిమితి వారానికి 74 గంటలు, ఒక రోజు సెలవు. అందులో సలహాదారుల గురించీ, తోటి విద్యార్థుల సాయం గురించీ మంచి మాటలున్నాయి. కాని 32 ఏళ్ళకు 48 ఎట్లా 74 అయింది? ఆచరణలో ఇంకా ఎక్కువ చేయిస్తున్నారు గనుక 74 కూడా ఉపకారమేనని దానికి జవాబు. ఆ జవాబు నిజమే కావడం వల్లనే భయం వేస్తుంది.

మా చిన్నక్క ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు, పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఈ వ్యాసం కోసం అడిగితే మొదట నవ్వింది. “ఏంట్రా, కౌన్సిలింగంటే మొన్న ప్రొజెక్టరు పెట్టి గంట సేపు చెప్పారు. పాపం, మంచాయనే. ఆ గంటా వార్డులో ఎవరున్నారనుకున్నావు? కొత్తపిల్ల ఒక్కతే, నలభై రెండు మందికి,” అన్నది. మరి మీరు ఏం చేసుకుంటారక్కా అని అడిగాను. వాళ్ళకు వార్డు చివర ఒక డ్యూటీ రూము ఉండేదట. కెటిలు, రెండు కుర్చీలు, ఒక మంచం. రాత్రి డ్యూటీవాళ్ళు దిగి, పగటివాళ్ళు ఎక్కే మధ్య పావుగంట అక్కడ టీ తాగేవాళ్ళు. ఎవరు పోయారో, ఎవరి బంధువులు తిట్టారో, ఏ సూది తప్పబోయి ఆగిందో అన్నీ అక్కడే. చేరిన మొదటి ఏడాది పురిటిలో ఒకమ్మాయి పోయినప్పుడు ఒక పెద్ద సిస్టరు ఏమీ మాట్లాడకుండా తన తల దువ్వి జడ వేసిందని చెప్పింది. ఆయమ్మలూ ఆ గదిలోకే వచ్చేవాళ్ళు, కాని కింద కూర్చునేవాళ్ళు. ఇది కూడా అక్కయ్యే చెప్పింది, నేనడగకుండానే.

మూడేళ్ళ కిందట ఆ గది ఆక్సిజన్ సామాను స్టోరు అయింది. వేలిముద్రల హాజరు యంత్రం వచ్చాక దిగేవాళ్ళు నిమిషం కూడా ఆగరు. ఆగినా ఆ పావుగంట డ్యూటీ లెక్కలోకి రాదు. గది తిరిగి ఇవ్వమనీ, షిఫ్టు మారేటప్పుడు ఇరవై నిమిషాలు రెండు షిఫ్టులవారికీ డ్యూటీగా వ్రాయమనీ నర్సులూ, నాలుగో తరగతి ఉద్యోగులూ కలిసి సంతకాలు చేసి పై అధికారికి అర్జీ ఇచ్చారు. ఆయాల పేర్లు నర్సుల పేర్ల మధ్యలోనే ఉన్నాయట, కింద విడిగా కాదు. దస్త్రం జిల్లా కార్యాలయానికి పోయింది. మొన్న ఆదివారం అడిగితే, ఇంకా రాలేదన్నది.